ఊరి తగువు ఊళ్ళో తీరితే మేలేనా?

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పిత వ్యక్తులు. ఆయన కోనసీమలో హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైనవాడు. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, ఏవైనా నలుగురూ పిలిస్తే వెళ్ళి కూర్చుంటాడు. ఆమె ఆయన మేనకోడలు, జిల్లా కోర్టులో ఎక్కువగా ఆడవాళ్ళ కేసులు చూసే లాయరు. వాళ్ళ నోట వచ్చే చట్టాలు, తీర్పులు, ఊళ్ళు, సంవత్సరాలు మాత్రం కల్పితం కావు. నా మొగ్గు మాస్టారి వైపే. అయితే ఆ అమ్మాయి అడిగే ప్రశ్నల్ని దాటవేసి ఆయన పక్కన నిలబడటం న్యాయం కాదు. అందుకే ఆమెను ఎక్కడా ఆపలేదు.

లాయరు: మావయ్యా, ఊరి తగువు ఊళ్ళోనే తీరాలని మీరంటూంటే వినడానికి బాగుంటుంది. పెద్దమనుషుల్లో పెట్టడమంటే ఏమిటో నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు చెబితే మాత్రం కడుపు రగిలిపోతుంది. ముందు రెండువైపులా ధరావతు కట్టించుకుంటారు. వాళ్ళు చెప్పింది కాదంటే ఆ డబ్బు దక్కదు. అరుగు మీద కూర్చున్న నలుగురూ మగాళ్ళే, అందులో ఇద్దరు మొగుడి తరఫు చుట్టాలు. కాపురమన్నాక సర్దుకోవాలమ్మా అనేది వాళ్ళ మొదటి మాట, ఆఖరి మాట కూడా. కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేస్తారు. ఆర్నెల్లకి మళ్ళీ దెబ్బలు తిని స్టేషనుకి వెళితే, రాజీ పడ్డావుగా, ఇంకేం కావాలని అక్కడ అడుగుతారు.

మాస్టారు: అలాంటి పంచాయితీలు నాకు తెలియనివి కావు. వాటిని వెనకేసుకు రావడానికి నేను సిద్ధంగా లేను. అక్కడ జరిగేది పెద్దరికం. నలుగురు కూర్చుని తీర్పు చెబుతారు, తప్పు కట్టిస్తారు, వినకపోతే వెలి వేస్తారు. నేను చెప్పేది ఇంకొకటి. మధ్యవర్తికి తీర్పు చెప్పే హక్కు ఉండకూడదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన మధ్యవర్తిత్వ చట్టం కూడా ఆ మాటే అంటుంది. పరిష్కారాన్ని మధ్యవర్తి ఎవరి మీదా రుద్దకూడదు, పరిష్కారం కుదిరి తీరుతుందని హామీ కూడా ఇవ్వకూడదు.

లాయరు: కాగితం మీద అలాగే ఉంటుంది. ఊళ్ళో కూర్చునేది ఆ పాత మనుషులే కదా?

మాస్టారు: అందుకే కాగితం మీద ఏముందో ఊళ్ళోవాళ్ళకి తెలియాలంటాను. ఒక ప్రాంతంలో మనుషుల మధ్య, కుటుంబాల మధ్య శాంతిని చెడగొట్టే తగువుల్ని సామాజిక మధ్యవర్తిత్వంతో తీర్చుకోవచ్చని ఆ చట్టం చెబుతుంది. రెండు పక్షాలూ ముందే ఒప్పుకుని న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టుకోవాలి. సంస్థ ముగ్గురు మధ్యవర్తుల్ని వేస్తుంది. జాబితా తయారుచేసేటప్పుడు ఆడవాళ్ళకి చోటు ఉండేలా చూడాలని కూడా రాశారు. ఎవరో వచ్చి అరుగెక్కి కూర్చోవడానికి వీల్లేదు.

లాయరు: మీరు చెప్పని సంగతి నేను చెబుతాను. ఆ చట్టంలో అన్ని సెక్షన్లూ ఒక్కసారి అమల్లోకి రాలేదు. 2023 అక్టోబరు 9న కొన్నిటినే నోటిఫై చేశారు. మీరు ఇంతగా నమ్ముకున్న సామాజిక మధ్యవర్తిత్వం భాగం ఆ మొదటి విడతలో లేదు. సరే, ఆ సంగతి పక్కన పెడదాం. అసలు ఈ పద్ధతి వల్ల ఊరికి ఒరిగేదేమిటో చెప్పండి. కోర్టు చెయ్యలేనిది మీ ముగ్గురూ ఏం చేస్తారు?

మాస్టారు: బోదె తగాదా ఒకటి తీసుకో. డెల్టాలో నీకు తెలియంది కాదు. ఒకే తూము కింద ఇద్దరు రైతులు. పైవాడి చేలోంచి బోదె వెళ్ళి శివారులో కిందివాడి చేను తడపాలి. సార్వాకి కాలవలు వదిలేసరికి బోదెలో పూడిక ఉంటుంది. తియ్యాల్సింది నువ్వంటే నువ్వనుకుంటారు. దాళ్వాలో నీళ్ళు వంతులవారీగా వచ్చినప్పుడు రాత్రిపూట ఎవరో మడ తెగ్గొడతారు. పొద్దున్నే పారలు లేస్తాయి. ఇద్దర్లో ఒకడు దావా వేస్తాడు. కోర్టు ఏం తేలుస్తుంది? బోదె మీద కిందివాడికి హక్కుందా లేదా? ఉందని తేలితే అడ్డుపడొద్దని ఇంజంక్షన్ ఇస్తుంది. పూడిక ఎవరు తియ్యాలి, ఏ నెలలో తియ్యాలి, వంతు రోజున మడ దగ్గర ఎవరు ఉండాలి, నీళ్ళు చాలకపోతే ఇంజను డీజిలు ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలి, ఇవేవీ ఆ దావాలో ఉండవు. తగువు పుట్టింది మాత్రం వీటి దగ్గరే.

లాయరు: సివిల్ కోర్టుకి అడిగిందే ఇచ్చే అధికారం ఉంటుంది మావయ్యా. వీటికి నీటి సంఘాలున్నాయిగా. 1997 చట్టంతో రైతులకే యాజమాన్యం ఇచ్చారు.

మాస్టారు: ఇచ్చారు. సభ్యుల మధ్య తగువులు తీర్చే బాధ్యత కూడా సంఘానికే పెట్టారు. సంఘం ఎన్నిక పార్టీల ఎన్నిక అయ్యాక కమిటీ దగ్గరికి వెళ్ళాలంటే అవతలి పార్టీ రైతుకి కాళ్ళు రావు. అందుకే రెండు వర్గాలకీ పనికొచ్చే మనుషులు కావాలి. మధ్యవర్తి దగ్గర ఆ ఇద్దరు రైతులూ ఏం రాసుకుంటారో చూడు. కాలవ కట్టేసిన వారంలోగా పూడిక ఇద్దరూ కలిసి తియ్యాలి. ఎవరి వంతు రాత్రి వాళ్ళింటి మనిషి మడ దగ్గర ఉండాలి. తేడా వస్తే పార తియ్యకుండా ముందు ఫలానా మనిషికి చెప్పాలి. ఈ కాగితం వచ్చే ఏడాదికీ, ఆ పై ఏడాదికీ పనికొస్తుంది. నేను చెప్పే శాశ్వతమైన మేలు ఇదే. తీరిన తగువు ఒకటే. తీర్చుకునే పద్ధతి మాత్రం ఆ ఇద్దరి దగ్గరే ఉండిపోతుంది.

లాయరు: ఇద్దరూ ఒకే స్థాయి రైతులైతే సరే. పైవాడు మోతుబరి, కిందివాడు అతని దగ్గరే కౌలు చేసేవాడు అయితే? ఒకే కులమైతే సరే. కాకపోతే? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా పెడుతూ అంబేడ్కర్ ఊరి గురించి ఏమన్నారో మీరు పిల్లలకి పాఠం చెప్పే ఉంటారు. ఊరిని రాజ్యాంగానికి పునాది చెయ్యమన్న వాళ్ళకి, అక్కడ ఉన్నది అజ్ఞానం, సంకుచితత్వం అని మొహం మీద చెప్పారు. ఊరి ఏకాభిప్రాయం ఎవరి అభిప్రాయమో ఆయనకి తెలుసు. 1991లో చుండూరు గుర్తు తెచ్చుకోండి. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. దానికి ముందు వారాల తరబడి నడిచింది సాంఘిక బహిష్కరణ. ఊరు ఒక్కటై పెట్టిన ఒత్తిడి అది. ఆ బాధితులు ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళలేదు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టమని పోరాడి సాధించుకున్నారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు కొట్టేసింది. కోర్టు అలా చేసింది కాబట్టి ఇక రాజీకి రమ్మని ఎవరైనా అనగలరా?

మాస్టారు: అనకూడదు. అన్నవాడు మనిషి కాడు.

లాయరు: ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో జరిమానాలు వేస్తారు, మాట విననివాళ్ళని వెలి వేస్తారు, వాళ్ళతో మాట్లాడినవాళ్ళకి కూడా తప్పు కట్టిస్తారు. పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? వాళ్ళు కూడా తగువులు తీరుస్తున్నామనే చెబుతారు.

మాస్టారు: ఇక్కడ నేను గీసే గీత నీకంటే పలచగా ఉండదు. నేరం మధ్యవర్తి దగ్గరికి రాకూడదు. నేర విచారణకి సంబంధించిన తగువుల్ని, మైనర్లకి సంబంధించిన కొన్ని వివాదాల్ని 2023 చట్టమే మధ్యవర్తిత్వానికి పనికిరానివని మొదటి షెడ్యూలులో పెట్టింది. అత్యాచారం కేసులో రాజీ మాటే ఎత్తకూడదని 2015లో మదన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజర్లయిన ఇద్దరు చేసుకున్న పెళ్ళిలో ఏ పంచాయితీ వేలు పెట్టినా చట్టవిరుద్ధమని 2018లో శక్తివాహిని కేసులో చెప్పింది. కులం పేరుతో చేసిన దాడి, బాల్యవివాహం, చిన్నపిల్లల మీద అఘాయిత్యం, వీటిని అరుగు మీద పెట్టినవాళ్ళ మీదే కేసు పెట్టాలంటాను. ఈ మాట ఊళ్ళో నేను గట్టిగానే చెబుతాను.

లాయరు: చెబుతారు, ఒప్పుకుంటాను. కానీ ఆ గీతకి ఇవతల ఉన్న తగువుల్లోనూ బలవంతుడు, బలహీనుడు ఉంటారు. 1984లో యేల్ లా జర్నల్‌లో ఓవెన్ ఫిస్ అనే ఆచార్యుడు రాజీని వ్యతిరేకిస్తూ వ్యాసం రాశాడు. ఎక్కువతక్కువల మధ్య జరిగే రాజీలో, రేపటి తిండి గురించి ఆలోచించాల్సినవాడు ఇవాళ ఎంతిస్తే అంతకి ఒప్పుకుంటాడన్నది అందులోని ఒక వాదన. కోర్టులో కనీసం జడ్జి ఉంటాడు, రాసిన చట్టం ఉంటుంది.

మాస్టారు: కోర్టులో ఆ ఎక్కువతక్కువలు మాయమవుతాయా అమ్మాయ్? వాయిదాకి రావాలంటే కూలి పోతుంది. మోతుబరికి పోయేదేముంది? జిల్లా కోర్టుల్లో, కింది కోర్టుల్లో పెండింగు కేసులు 4 కోట్లు దాటాయి. ఇంతాచేసి డిక్రీ వచ్చాక? మన దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని 1872లోనే ప్రీవీ కౌన్సిల్ బాధపడింది. దాదాపు నూటయాభై ఏళ్ళ తరవాత, 2021లో, ఎగ్జిక్యూషన్ పిటిషన్లు ఆరు నెలల్లో తేల్చండని సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశించాల్సి వచ్చింది. నీ వృత్తిని తప్పుపట్టడం లేదు. కోర్టు గెలిచినవాణ్ణి, ఓడినవాణ్ణి తయారుచేస్తుంది. ఆ ఇద్దరూ మర్నాడు ఒకే బోదె మీద నడవాలి.

లాయరు: డిక్రీ అమలు కాదని బాధపడుతున్నారు. మరి మీ కాగితం సంగతి? సామాజిక మధ్యవర్తిత్వంలో రాసుకున్న ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీలా అమలు కాదని ఆ చట్టమే చెబుతోంది. ఒకడు మాట తప్పితే రెండోవాడు ఏం చెయ్యాలి?

మాస్టారు: డబ్బు, భూమి ఉన్న చోట నీ మాటే నిజం. అలాంటప్పుడు కుదిరిన ఒప్పందాన్ని తీసుకెళ్ళి, కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో పెట్టుకోవచ్చు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడిచ్చే అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కోర్టు ఫీజు లేదు. ఆస్తి చేతులు మారితే రిజిస్ట్రేషను సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి.

లాయరు: ఒకవైపు బలవంతం లేకపోవడమే దీని బలమంటారు. ఇంకోవైపు డిక్రీ చేయించుకోమంటారు. రెండూ ఎలా కుదురుతాయి?

మాస్టారు: అన్ని తగువులూ ఒక రకం కావు. అప్పు ఇంతని తేలాక అది చేతికి రావాలంటే చట్టం వెనక ఉండాలి. వంతు రాత్రి మడ దగ్గర మనిషి ఉండాలనే మాటని ఏ అమీనా వచ్చి అమలు చెయ్యలేడు. సరిహద్దు కొబ్బరిచెట్టు కాయలు పంచుకోవడం, పక్కింటి చూరునీళ్ళు, తల్లిని ఎవరింట్లో ఎన్నాళ్ళు ఉంచుకోవాలన్న మాట, ఇవన్నీ రోజూ ఇద్దరూ ఇష్టపడి చేస్తేనే నడుస్తాయి. తమ నోటితో ఒప్పుకున్నది కాబట్టి చేస్తారు.

లాయరు: ఒప్పుకున్నదైతేనే. సరే, ఇంత చక్కగా నడిచిన చోటు ఒకటి చూపించండి. ఒక మంచి మనిషి ఉన్నంతకాలం నడిచి, ఆయన పోయాక ఆగిపోయింది వద్దు. రంగ్‌పూర్ పేరు చెబుతారేమో. 1949లో గుజరాత్‌లో ఆదివాసుల మధ్య హరివల్లభ్ పరీఖ్ ఆశ్రమం పెట్టి నడిపిన లోక్ అదాలత్ గొప్పదే. ఉపేంద్ర బక్షి దాని మీద 1976లో అధ్యయనం చేసి రాశారు. అంతటి మనిషి ప్రతి మండలానికీ దొరకడు కదా.

మాస్టారు: అందుకే రంగ్‌పూర్ చెప్పను. శ్రీలంక చెబుతాను. వాళ్ళు ముందు తప్పు చేసి తరవాత దిద్దుకున్నారు. 1958లో రాజీ బోర్డుల చట్టం తెచ్చారు. బోర్డుల్లో ఎవరుండాలో మంత్రి చేతిలో పెట్టారు. అధికార పార్టీ మనుషులు చేరారు, జనానికి నమ్మకం పోయింది. 1970ల చివర వాటిని ఎత్తేశారు. ఆ అనుభవం తరవాత 1988లో మధ్యవర్తిత్వ బోర్డుల చట్టం చేశారు, 1990 నుంచి బోర్డులు పనిచేస్తున్నాయి. ఈసారి నియామకం మంత్రికి ఇవ్వలేదు. అయిదుగురితో ఒక కమిషన్, అందులో ముగ్గురు పై కోర్టుల్లో జడ్జీలుగా పనిచేసినవాళ్ళు. మధ్యవర్తులకి ముందు శిక్షణ ఉంటుంది. జీతం ఉండదు, లాయర్లు రాకూడదు. సెలవురోజుల్లో బళ్ళలో, గుళ్ళలో కూర్చుంటారు. తగువులో ఉన్న ఇద్దరూ చెరొక మధ్యవర్తిని జాబితాలోంచి ఎంచుకుంటారు, ఆ ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి ఎంచుకుంటారు. నా మనిషి ఒకడు అక్కడున్నాడన్న ధైర్యం బలహీనుడికి దొరికేది అక్కడే. ఇవాళ అలాంటి బోర్డులు ఆ దేశంలో మూడువందలకు పైగా ఉన్నాయి. ప్రభుత్వాలు మారాయి, యుద్ధం జరిగింది, బోర్డులు నిలబడ్డాయి.

లాయరు: యుద్ధం జరిగిన ఉత్తర, తూర్పు ప్రాంతాలకి అవి ఆలస్యంగా చేరాయి. నిర్ణీత మొత్తం లోపు తగువైతే ముందు బోర్డుకి వెళ్ళి, కుదరలేదన్న సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే కోర్టు తలుపు తెరుచుకుంటుంది. అది ఇష్టపడి వెళ్ళడం ఎలా అవుతుంది? పైగా భార్యాభర్తల గొడవల్లో అక్కడి మధ్యవర్తులు కూడా కాపురం నిలబెట్టడానికే తొందరపడతారని పరిశోధకులు ఎత్తి చూపారు. శిక్షణ ఇచ్చినా ఆ అలవాటు పోలేదు.

మాస్టారు: మనం అక్కణ్ణుంచి తెచ్చుకోవాల్సింది బలవంతపు హాజరు కాదు. అది మన చట్టంలో లేదు, ఉండకూడదు కూడా. తెచ్చుకోవాల్సినవి మూడు సంగతులే: ముందు శిక్షణ, పార్టీల చేతికి అందని నియామకం, మధ్యవర్తిని ఎంచుకునే హక్కు. ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. నేను చాలాకాలంగా ఒక మాట మీద ఉన్నాను. చెయ్యి చేసుకున్న మొగుడి కేసు మధ్యవర్తి దగ్గరికి రాకూడదు. కొట్టడం లేదు, విడిపోయారు, పిల్లలు సెలవుల్లో ఎక్కడుండాలో తేలాలి, సారె సామాను తిరిగి రావాలి అంటే రావొచ్చు. అప్పుడు కూడా ముగ్గురిలో ఒకరైనా ఆడమనిషి లేకపోతే కూర్చోకూడదు.

లాయరు: అది కూడా నాకు చాలదు. దెబ్బలున్నాయో లేవో మీకు ముందే ఎలా తెలుస్తుంది? మొగుడు పక్కన కూర్చుంటే ఏ ఆడపిల్లా చెప్పదు. ముందు ఆమెతో విడిగా, ఒక ఆడమనిషి మాట్లాడాలి. కూర్చునే ముందే ఆమెకి తన లాయరు దొరకాలి. ఎప్పుడు లేచి వెళ్ళిపోయినా ఎవరూ నిలదియ్యకూడదు. ఇవి లేని చోట కాపురం తగువుల్ని మీరు ముట్టుకోవద్దని నా వాదన. ఇందులో ఒక్క మెట్టు కూడా దిగను.

మాస్టారు: విడిగా మాట్లాడాలన్నది సరైన మాట. లేచి వెళ్ళే హక్కు లేనిదే అది మధ్యవర్తిత్వం కాదు. లాయరు ముందే ఉండాలంటే మాత్రం నాకు సందేహం. ఇద్దరు లాయర్లు వచ్చాక అది కోర్టులాగే మారిపోతుందని భయం.

లాయరు: గదిలో ఉండక్కర్లేదు. ఆమె హక్కులేమిటో ముందే తెలిసి ఉంటే చాలు. తెలిసి వదులుకుంటే అది ఆమె ఇష్టం. తెలియక వదులుకుంటే మోసపోయినట్టే.

మాస్టారు: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. అయితే నువ్వు కూడా ఒకటి ఒప్పుకో. నీ దగ్గరికి వచ్చే కేసుల్లో మొదటి పది రోజుల్లో ఎవరైనా ఇద్దర్నీ కూర్చోబెట్టి విని ఉంటే దావా దాకా రానివి లేవా?

లాయరు: ఉన్నాయి. పంపకాల కేసులు చాలా ఉన్నాయి. అన్నదమ్ములు కోర్టు హాల్లో పక్కపక్కనే కూర్చుని మొహాలు తిప్పుకుంటారు. వాళ్ళ పిల్లలు ఒకళ్ళ పెళ్ళికి ఒకళ్ళు వెళ్ళరు. తండ్రులు పోయినా వాజ్యం మిగులుతుంది, ఆ పిల్లలే వారసులుగా వాదిప్రతివాదులవుతారు. ఆ ఇళ్ళకి మీ ముగ్గురూ అవసరమే. ఆ మేరకు నేను మీతో ఉన్నాను.

మాస్టారు: ఊళ్ళో ఇంటర్ చదివిన ఆడపిల్లలు, డ్వాక్రా సంఘాలు నడిపిన పెద్దవాళ్ళు, దళితవాడలో నలుగురూ గౌరవించే మనుషులు ఎందరో ఉన్నారు. శిక్షణకి వాళ్ళు ముందుకు రావాలి. వాళ్ళు రాకపోతే ఆ కుర్చీల్లో మళ్ళీ ధరావతు కట్టించుకునే వాళ్ళే కూర్చుంటారు. మండల న్యాయ సేవా కమిటీ దగ్గరికి వెళ్ళి, మాకు శిక్షణ ఇవ్వండని అడగమని ఊరి యువతకి నా విన్నపం.

లాయరు: నా విన్నపం ఆ కుర్చీల ఎదుట కూర్చోబోయే వాళ్ళకి. పెద్దమనుషుల్లో కూర్చోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, సంతకం పెట్టేముందు 15100 నంబరుకి ఫోన్ చెయ్యండి. అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ఉచిత నంబరు. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని చట్టంలోనే ఉంది.